పాత కారు: రిపేరా, బేరమా?

తమ్ముడు: అక్కా, ఈ ఏడాది ఆ బండి మీద ఎంత ఖర్చయిందో ఎప్పుడైనా కూడి చూశావా? 2012 స్విఫ్ట్ డీజిల్. లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు అమ్మకానికి పెడితే రెండు లక్షలు వస్తే గొప్ప. ఆ మాత్రం ధర ఉండగానే అమ్మేసి, మిగతాది లోను పెట్టుకుని కొత్తది తీసుకో.

అక్క: కూడకుండా ఎలా ఉంటాను? క్లచ్ సెట్టు మార్చడానికి లేబర్‌తో కలిపి 11,000. ముందు సస్పెన్షన్‌లో రెండు లోయర్ ఆర్ములు, షాకబ్జర్లు, లింకు రాడ్లు మార్చి అలైన్‌మెంట్ చేయించడానికి 13,500. ఏసీ కూలింగ్ కాయిల్ లీకయితే డ్యాష్‌బోర్డు విప్పి మార్చారు, 6,500. బ్యాటరీ 5,200. రెండు ఆయిల్ సర్వీసులు 9,000. మొత్తం 45,200. ఇందులో అనుకోకుండా వచ్చిపడింది ఏసీ ఒక్కటే. మిగతావన్నీ అరిగే సామాన్లు. మన రోడ్ల మీద లక్ష కిలోమీటర్లు తిరిగితే ఏ కంపెనీ బండికైనా అరుగుతాయి.

తమ్ముడు: అరిగే సామాన్లే, కాదనను. కానీ ఈ వయసు బండిలో అవన్నీ వెంటవెంటనే వస్తాయి. క్లచ్ అయింది, సస్పెన్షన్ అయింది. ఇక వరసలో నాజిల్స్ ఉన్నాయి, టర్బో ఉంది, ఏసీ కంప్రెసర్ ఉంది. సర్వీస్ సెంటర్లో రోజూ ఎస్టిమేట్లు రాసేవాణ్ణి, ఊహించి చెప్పడం లేదు. నాలుగు నాజిల్సూ కొత్తవి వేస్తే యాభై వేల దగ్గరికి పోతుంది. టర్బో కొత్తదైతే ముప్ఫై వేల చుట్టుపక్కల. ఆ రెండూ ఒకే ఏడాది తగులుకుంటే బండి ఖరీదులో మూడో వంతుకు పైగా రిపేరుకే పోతుంది. అంత పెట్టినా అమ్మేటప్పుడు ధర పైసా పెరగదు.

అక్క: నాలుగూ కొత్తవే ఎందుకు వేయాలి? నాజిల్స్ విప్పి టెస్ట్ బెంచి మీద పెడితే ఏది డీజిల్ ఎక్కువ కారుస్తోందో, ఏది సరిగ్గా స్ప్రే చేయడం లేదో తెలిసిపోతుంది. చెడింది ఒకటో రెండో అయితే వాటినే రీకండిషన్ చేయిస్తే ఒక్కోదానికి నాలుగైదు వేలతో పోతుంది. మీ దగ్గర పార్టు తీసి పార్టు వేయడమే పద్ధతి. డైనమో ఛార్జింగ్ చేయకపోతే మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు. విజయవాడ ఆటోనగర్లో అదే డైనమో విప్పి, బేరింగు పోయిందా, కార్బన్ బ్రష్షులు అరిగాయా, రెగ్యులేటర్ కాలిందా చూసి చెడినదొక్కటే మారుస్తారు. బిల్లు ఎక్కువ రావడానికి కారు వయసు కొంత కారణమైతే, బాగుచేసే పద్ధతి మిగతా కారణం.

తమ్ముడు: ఆటోనగర్ పనితనాన్ని తక్కువ చేసే మాట నా నోట రాదు. నాకు పని నేర్పిన మేస్త్రి అక్కడివాడే. కాకపోతే రీకండిషన్ చేసిన నాజిల్‌కు నెలో మూడు నెలలో గ్యారంటీ ఇస్తారు. నాలుగో నెలలో మళ్లీ పొగ వస్తే విప్పి బిగించిన కూలి నీ మీదే పడుతుంది. పైగా ఒరిజినల్ డబ్బాలో డూప్లికేట్ సామాను పెట్టి అమ్మేవాళ్లు మార్కెట్లో ఉన్నారు. మేం మొత్తం పార్టు మార్చమనేది లాభం కోసమేనని అంతా అనుకుంటారు. మార్చిన పార్టు మళ్లీ చెడితే జవాబు చెప్పుకోవాల్సింది మేమే, ఆ సంగతి కూడా లెక్కలో వేయాలి.

అక్క: ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే నేనొక గీత గీసుకున్నాను. బ్రేక్ ప్యాడ్లు, స్టీరింగు బాల్ జాయింట్లు, ఆయిల్ ఫిల్టర్, కూలెంట్ పైపులు, వీటికి కంపెనీ పార్టే, బిల్లుతో సహా. డోర్ హ్యాండిల్, సైడు మిర్రరు, పవర్ విండో మోటార్ లాంటి వాటికి పాత సామానైనా పరవాలేదు. విరిగితే ఇబ్బందే గానీ ప్రాణం మీదికి రాదు. ఈ తేడా తెలిసినవాళ్లకు పాత బండి నువ్వు చెప్పినంత ఖర్చు పెట్టించదు.

తమ్ముడు: సరే, ఇంజన్ సంగతికి వద్దాం. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లోంచి గొలుసు కదిపినట్టు గలగలమని శబ్దం వచ్చి, రెండు మూడు సెకన్లలో ఆగిపోతోందా?

అక్క: ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి వస్తోంది. ఆగిపోతోంది కదా అనుకున్నాను.

తమ్ముడు: అది టైమింగ్ చైన్. ఈ 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌లో బెల్టు ఉండదు, చైనే. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆ ప్రెషర్ ఎక్కడానికి క్షణం పడుతుంది. చైన్ సాగి ఉంటే ఆ లోపు వదులుగా ఊగి గైడ్లకు కొట్టుకుంటుంది. ప్రెషర్ అందగానే శబ్దం ఆగుతుంది గానీ సాగిన చైన్ బిగుసుకోదు. ఆయిల్ తగ్గినా, మార్చాల్సిన టైముకు మార్చకపోయినా ఇంకా త్వరగా సాగుతుంది. ఇప్పుడు మార్చుకుంటే కిట్టు, లేబరు కలిపి పది నుంచి పదిహేను వేలు. ఒకనాడు పళ్లు జారిందనుకో, పిస్టన్లు వాల్వులకు తగిలి రాకర్లు విరుగుతాయి, వాల్వులు వంగుతాయి. హెడ్డు దించాలి, లేత్ పని చేయించాలి. అరవై వేలు దాటినా దాటుతుంది.

అక్క: అయితే నా మాటే నువ్వు చెప్తున్నావు. పదిహేను వేలతో పోయేది వాయిదా వేస్తేనే అరవై వేలవుతుంది. కూలెంట్ సంగతీ అంతే. ట్యాంకులో మట్టం తగ్గుతోందని పట్టించుకుంటే ఏ వందల్లోనో పైపు మార్చి బయటపడతాం. నీళ్లు పోసుకుంటూ నడిపితే ఒక ఎండాకాలం ఇంజన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు హెడ్డు దించి లెవెల్ చేయించి బిగించేసరికి పదిహేను, ఇరవై వేలు. క్లచ్ కూడా ఉన్నట్టుండి పోదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఇలా నెలల ముందే చెప్తుంది. బండిని రోజూ నడిపే మనిషి చెవి పెట్టి వింటే సగం ఖర్చు తప్పుతుంది.

తమ్ముడు: నీలాగా వినేవాళ్లు ఎంతమంది? ఆ మాటకొస్తే నువ్వు కూడా చైన్ శబ్దం విని ఊరుకున్నావు. అది అలా ఉంచు. అరిగే సామాను చెప్పి అరుగుతుంది. వైరింగు చెప్పి తెగదు. పద్నాలుగేళ్లు ఇంజన్ వేడికి ఎండిన వైర్ల మీద తొడుగు పెళుసెక్కుతుంది, కనెక్టర్లలో పచ్చగా చిలుము పడుతుంది. ఏదో ఒక సెన్సర్ సిగ్నల్ తప్పితే బండి రోడ్డు మధ్య ఆగుతుంది. స్కానర్ పెడితే ఏ సర్క్యూట్‌లో తప్పుందో కోడ్ చెబుతుంది. ఆ వైరు ఎక్కడ తెగిందో చెప్పదు. దాన్ని వెతకడానికి ఒక రోజు పడుతుందో మూడు రోజులు పడుతుందో మేం కూడా ఎస్టిమేట్ రాయలేం. పాత బండిలో నాకు భయమేసేది పెద్ద బిల్లు చూసి కాదక్కా. రాయలేని బిల్లు చూసి.

అక్క: దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాత్రిపూట పిల్లలతో హైవే మీద ఉన్నప్పుడు ఆ భయం నాకూ ఉంటుంది. కానీ ఆ భయం పోగొట్టుకోవడానికి ఎంత కట్టాలో కూడా లెక్క వేయాలి కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, నిజమే. అయినా నాకు కావాల్సిన కారు రోడ్డెక్కేసరికి ఎనిమిది లక్షలు. పాతది అమ్మిన రెండు లక్షలు పోగా ఆరు లక్షల లోను. తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లు పెట్టుకుంటే నెలకు దాదాపు 12,450. ఏడాదికి లక్షన్నర. నా రిపేర్ల కన్నా మూడు రెట్లు ఎక్కువ. ఈఎంఐ మాత్రం ఏ నెలా తప్పదు.

తమ్ముడు: ఇక్కడ నీ లెక్క తప్పింది. ఈఎంఐ మొత్తం ఖర్చు కాదు. ఐదేళ్లకు లోను తీరాక ఆ కారు నీ చేతిలో ఉంటుంది, సగం ధర పలికినా నాలుగు లక్షలు. ఎనిమిది లక్షల ధరకు లక్షా నలభై ఏడు వేల వడ్డీ కలిపి, ఈ నాలుగు లక్షలు తీసేస్తే ఐదేళ్లకు ఐదు లక్షల నలభై ఏడు వేలు. ఏడాదికి లక్షా పది వేలు. నీ వైపు రిపేర్లతో పాటు బండి ధర ఏటా పడిపోవడం కూడా కలపాలి. అప్పుడు తేడా మూడు రెట్లు ఉండదు, రెట్టింపు లోపే.

అక్క: సరే, రెట్టింపు లోపే అనుకుందాం. ఆ లెక్కలో ఇన్సూరెన్స్ వేయలేదు. నా బండికి థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను. 1,000 నుంచి 1,500 సీసీ ప్రైవేటు కారుకు ప్రీమియం 3,416, జీఎస్టీ కలిపి నాలుగు వేల పైచిలుకు. కొత్త కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ లేకుండా నడపగలమా? ఎక్కడ ఎవరు గీకినా పాత బండి అయితే నాలుగు మాటలతో పోతుంది. కొత్త బండి అయితే టింకరింగు, పెయింటింగు అని పరుగులు పెట్టాలి.

తమ్ముడు: థర్డ్ పార్టీ అంటే ఎదుటివాడికి జరిగిన నష్టానికే. నీ బండికి రూపాయి రాదు. ఫుల్ తీసుకున్నా పదేళ్లు దాటిన బండికి మెటల్ భాగాల మీద సగం, రబ్బరు ప్లాస్టిక్ భాగాల మీద సగం తరుగు కింద కోస్తారు. ఇంజన్ దానంతట అది చెడితే మామూలు పాలసీ ఏదీ ఇవ్వదు. అంటే నీ రిస్కు మొత్తం నీ నెత్తినే ఉంది. నువ్వు పొదుపనుకుంటున్న దాంట్లో కొంత ఆ రిస్కు ఖరీదు.

అక్క: రిస్కు నాదే. అందుకే ఈఎంఐ కట్టాల్సిన డబ్బులో నెలకు ఐదు వేలు విడిగా పక్కన పెడుతున్నాను. ఏడాదికి అరవై వేలు. ఈ ఏడాది 45,200 అయింది, మిగిలింది వచ్చే ఏడాదికి పోతుంది. నువ్వు చెప్పిన పెద్ద దెబ్బ తగిలినా అప్పు చేయక్కర్లేదు. పాత కారు ఉంచుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ పని చేయాలి. ఇది చేయలేనివాళ్లకు పాత కారు చవకని నేను కూడా చెప్పను.

తమ్ముడు: డబ్బు సంగతిలో నువ్వు నిలబడ్డావు. ఇప్పుడు డబ్బుతో తేలని మాట అడుగుతాను. నీది ఎల్‌డీఐ మోడల్. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను గుద్ది చూస్తే పెద్దవాళ్ల భద్రతకు ఒక్క స్టారూ రాలేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఆ తర్వాత ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులూ తప్పనిసరి అయ్యాయి. నువ్వు ఎంత బాగా చూసుకున్నా, ఎన్ని ఒరిజినల్ పార్టులు వేసినా బండిలో లేనిది రాదు. పిల్లలను ఎక్కించుకుని రోజూ హైవే మీద తిరిగేదానివి. ఈ ఒక్క కారణం చాలదా?

అక్క: ఈ మాట గట్టిది. దీన్ని తేలిగ్గా తీసుకోలేను. స్పీడు తగ్గించి నడుపుతాను, వెనక సీట్లో వాళ్లకూ బెల్టు పెట్టిస్తాను. అది ఎయిర్‌బ్యాగుకు సాటి రాదని తెలుసు. అయితే నా ఇల్లు దాటి కూడా చూడు. 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. ఎనిమిది లక్షలు పెట్టలేని ఇల్లు పాత కారు వద్దనుకుంటే కొత్త కారు కొనదు, నలుగురూ ఒక బైకు మీద ఎక్కుతారు. వాన, ఎండ, లారీల మధ్య. వాళ్లకు రెండు లక్షల పాత కారు బైకు కన్నా ఎంతో మేలు. పాత కారు ప్రమాదమన్న మాట అందరికీ ఒకటే అనకూడదు.

తమ్ముడు: వాళ్ల విషయంలో నీతో వాదించను. కానీ నువ్వు ఆ ఇంట్లో లేవు. కొనగలిగిన స్థితిలో ఉన్నావు. వేరేవాళ్ల ఇబ్బందిని నీ నిర్ణయానికి కారణంగా చూపించకూడదు. ఇంకో మాట అడుగుతాను, సూటిగా చెప్పు. ఇదే బండి, ఇదే వయసు, వేరేవాళ్లు అమ్మకానికి పెడితే నువ్వు కొంటావా?

అక్క: కొనను. కనీసం చూడగానే కొనను. ఈ బండిలో ఏ బోల్టు ఎప్పుడు విప్పారో నాకు తెలుసు. బయటి బండి గురించి ఏం తెలుస్తుంది? ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టాక అక్కడి నుంచి ఎన్‌ఓసీలతో మన వైపు వచ్చిన బండ్లు చూశాను. పైన పాలిష్ తళతళలాడుతూ ఉంటుంది. చూడాల్సిన చోట్లు వేరే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టారంటే ఏదో దాస్తున్నారని అర్థం. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడలాంటి తెల్లటి జిగురు ఉందంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. మూత తీసి ఇంజన్ నడిపితే పొగ గుప్పుగుప్పున తన్నుతోందంటే పిస్టన్ రింగులు అరిగాయి, బోరింగుకు దగ్గర పడింది. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ తుప్పు చూడాలి. మీటరు యాభై వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరును నమ్మకూడదు. ఇవన్నీ చూడటం రానివాళ్లు పాత కారు కొనడానికి ఒంటరిగా వెళ్లకూడదు.

తమ్ముడు: మరి నువ్వే కొనని బండిని ఇంకొకరు కొనాలని నేను చెబుతున్నట్టయింది. అది నాకూ గుచ్చుకునే మాటే. మా దగ్గర చాలామంది ఇలాగే చేస్తారు. ఎస్టిమేట్ చూసి, రిపేరు చేయించకుండా, శబ్దం వినపడకుండా చిక్కటి ఆయిల్ పోయించి అమ్మేస్తారు. రిపేరు ఎక్కడికీ పోదు, మనకన్నా తక్కువ డబ్బున్నవాడి నెత్తిన పడుతుంది. అలా అమ్మమని నేను చెప్పను. కావాలంటే తుక్కుకు ఇవ్వు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్లో ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త బండి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్ర నిబంధనల్లో ఉంది.

అక్క: నడిచే బండిని తుక్కు చేయడానికి నా మనసు ఒప్పుకోదు. ఈ ఇంజనే డిజైర్లో ఉంది, ఎర్టిగాలో ఉంది, బ్రెజ్జాలో ఉంది. సామాను దొరకని బండి కాదు.

తమ్ముడు: ఇవాళ దొరుకుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది. క్లచ్ ప్లేట్లు, బుష్‌లు ఇంకా చాలాకాలం దొరుకుతాయి. ముందుగా కరువయ్యేది ఎలక్ట్రానిక్ సామాను. పైగా 2027 జూన్‌కు నీ ఆర్‌సీ పదిహేనేళ్లు నిండుతుంది. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, దాని మీద గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఫిట్‌నెస్ కోసం పెట్టే ఖర్చు ఇంకా వేరే. చేసేది ఆ లోపే చేయాలి.

అక్క: 5,000 కడితే ఇంకో ఐదేళ్లు తిరుగుతుందంటే నాకది బరువనిపించదు. బరువనిపించేది నువ్వు చెప్పిన ఎయిర్‌బ్యాగుల మాట. అది ఆలోచిస్తాను. అయితే నా గీత కూడా విను. చాసిస్‌కు తుప్పు పట్టినా, ఇంజన్ బోరింగుకు వచ్చినా, వైరింగు వల్ల బండి రెండోసారి రోడ్డు మీద ఆగినా ఆ రోజుతో సరి. అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే వదిలేస్తాను. అంతవరకు క్లచ్చనీ, బుష్‌లనీ వచ్చే బిల్లులకు భయపడి లోనులోకి దిగను. చైన్ మాత్రం ఈ వారమే మార్పిస్తాను. ఉంచుకుంటే నాకు పనికొస్తుంది. అమ్మితే కొన్నవాళ్లకు చెప్పి, బిల్లు చేతిలో పెట్టి అమ్ముతాను.

తమ్ముడు: చైన్ మార్పించు. నా మాట మాత్రం నేను వెనక్కి తీసుకోవడం లేదు, పిల్లలున్న ఇంటికి ఎయిర్‌బ్యాగులున్న బండి కావాలి. నువ్వు మార్చే దాకా ఒకటి పట్టించుకో. ఆ టైర్ల పక్కన ఉన్న నాలుగు అంకెలు చూడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాడి బాగానే ఉన్నా, ఆరేళ్లు దాటి పక్కలు పగుళ్లు పడితే మార్చేయాలి. కారు కొత్తదా పాతదా అన్న వాదన ఎన్నాళ్లయినా సాగనీ, బ్రేకులు, స్టీరింగు, టైర్లు, ఈ మూడింటి రిపేరు డబ్బుల్లేవని వాయిదా వేయకూడదు. వాటికి డబ్బు సమకూరే దాకా బండి ఇంటి ముందే ఆగాలి.